జొన్నరొట్టెతో టెక్సాస్ చిల్లీ: ఇంట్లో ఎలా వండాలి, దేనితో వడ్డించాలి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో చిల్లీ అంటే ఎండుమిరపకాయల ముద్దలో మాంసం ముక్కలను గంటల తరబడి ఉడికించి చేసే చిక్కని కూర. శాన్ ఆంటోనియో నగరపు కూడళ్లలో పందొమ్మిదో శతాబ్దం చివరి నాళ్లలో స్త్రీలు సాయంత్రం కాగానే పొయ్యిలు వెలిగించి ఈ కూర వండి అమ్మేవారు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో కూడా దీని దుకాణం ఒకటి వెలిసింది. 1977లో టెక్సాస్ శాసనసభ దీనిని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వెళ్లి డాలస్, హ్యూస్టన్ నగరాలలో స్థిరపడిన మనవారు ఈ కూరకు అలవాటు పడి, ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి సరుకులతో దీనిని ఎలా వండుకోవచ్చునని అడుగుతూ ఉంటారు. ఎండుమిరప, యాటమాంసం, జీలకర్ర, మక్కపిండి, నిమ్మకాయ మన అంగట్లో దొరికేవే కాబట్టి ఈ వంటకు విదేశీ డబ్బాలేవీ అవసరం లేదు. కింద ఇచ్చిన కొలతలు ఆరుగురికి సరిపోతాయి.

వంట మొదలుపెట్టే ముందే ఒక విషయంలో మీరు గట్టి నిర్ణయం తీసుకోవాలి. మాంసం పొయ్యి మీదికి ఎక్కగానే మన చేయి అలవాటుగా అల్లం ముద్ద వైపు, ధనియాల పొడి వైపు, గరంమసాలా వైపు, కొబ్బరి వైపు పోతుంది. వీటిలో ఏ ఒక్కటి వేసినా మంచి కీమా కూరే తయారవుతుంది కానీ చిల్లీ తయారు కాదు. చిల్లీకి రుచినిచ్చేవి మిరప, జీలకర్ర, ఎల్లిగడ్డ, వేగిన మాంసం, ఈ నాలుగే. వీటి మీద నమ్మకం ఉంచి మిగిలిన డబ్బాలను తెరవకుండా ఉండగలిగితే సగం పని అయినట్లే.

మిరపకాయల ఎంపిక

ఈ వంటలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మిరపకాయల మీద. మనం కూరలో కారాన్ని చెంచాతో కొలిచి వేస్తాం కాబట్టి, మనకు మిరప అంటే ప్రధానంగా మంట. చిల్లీలో మిరప దినుసు కాదు, కూరకు ఆధారమైన పదార్థం. గుప్పెళ్ల కొద్దీ వేయాలి కాబట్టి మంట తక్కువగా, రంగు, కండ, తీపి వాసన ఎక్కువగా ఉండే రకం కావాలి. టెక్సాస్‌లో ఇందుకు మెక్సికో నుంచి వచ్చే ఆంచో, గ్వాహియో అనే ఎండుమిరపలను వాడతారు. వాటికి బదులుగా మనకు అందుబాటులో ఉన్నది వరంగల్ ప్రాంతపు చపాట మిర్చి. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఈ పొట్టి, లావు కాయకు ముదురు ఎరుపు రంగు, దళసరి తోలు, స్వల్పమైన మంట ఉంటాయి. అది దొరకని చోట కర్ణాటక నుంచి వచ్చే ముడతల బ్యాడిగి మిర్చి తీసుకోండి. పాలమూరు వారికి రాయచూరు దగ్గరే కాబట్టి బ్యాడిగి సులభంగా దొరుకుతుంది. ఈ రంగు మిరప నలభై గ్రాములు కావాలి. దానికి తోడు మంట కోసం గుంటూరు రకం సన్న మిరపకాయలు ఐదారు చాలు. రంగు కోసం ఒక రకం, మంట కోసం మరొక రకం విడివిడిగా ఎంచుకుంటే, పిల్లలు తినే కూరలో మంట మిరపను తగ్గించినా రుచికి లోటు రాదు.

పుస్తకాలలోనూ వీడియోలలోనూ కనిపించే అమెరికా పద్ధతుల విషయంలో ఒక హెచ్చరిక. వాటిలో మూడు నాలుగు పెద్ద చెంచాల చిల్లీ పౌడర్ వేయమని రాసి ఉంటుంది. అక్కడ ఆ పేరుతో అమ్మేది ఒట్టి కారప్పొడి కాదు. తక్కువ మంట గల మిరపపొడిలో జీలకర్ర, ఓరెగానో అనే ఎండు ఆకు, ఎల్లిగడ్డ పొడి కలిపిన మిశ్రమం అది. జర్మనీ నుంచి వచ్చి టెక్సాస్‌లో స్థిరపడిన విలియం గెబ్‌హార్ట్ అనే వ్యాపారి 1890లలో దానిని సీసాలలో నింపి అమ్మడం మొదలుపెట్టాక ఇంటింటా వాడకం పెరిగింది. ఆ కొలత ప్రకారం మన ఇంటి కారం వేస్తే కూర నోట పెట్టుకోలేరు. కాయలను నానబెట్టి రుబ్బుకోవడానికి వీలుపడని రోజున పొడితోనే వండదలిస్తే, కాశ్మీరీ మిరపపొడి మూడు వంతులు, ఇంటి కారం ఒక వంతు చొప్పున కలుపుకోండి.

మన ప్రాంతంలో కొత్త మిరప జనవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు మార్కెట్లకు వస్తుంది. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే ఆ రోజులలోనే అర కిలో రంగు మిరపను విడిగా కొని, బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో దాచుకోండి. కాయను వంచినప్పుడు కొంచెం సాగినట్లు ఉండాలి. ముట్టుకోగానే పొడి రాలే కాయలో వాసన మిగలదు.

మిరపముద్ద తయారీ

కాయల తొడిమెలు తీసి, నిలువుగా చీల్చి, గింజలతో పాటు లోపలి తెల్లని పొరను కూడా గీకి పారేయండి. మిరపలో మంట పుట్టేది ఆ పొరలోనే. గింజలకు ఉండే మంట దానికి అంటుకుని ఉండడం వల్ల వచ్చినదే. ఆ తరువాత ఇనుప పెంకను సన్నని సెగ మీద వేడి చేసి, కాయలను పరిచి, గరిటెతో అదిమి, ఒక్కొక్క వైపు పదిహేను ఇరవై సెకన్లు మాత్రమే వేయించండి. ఇల్లంతా ఘాటు పాకకముందే, కమ్మని వాసన రాగానే దించేయాలి. నల్లబడిన కాయ ఒక్కటి ముద్దలో కలిసినా కూరంతా చేదెక్కుతుంది కాబట్టి దానిని మొహమాటం లేకుండా పక్కన పడేయండి.

వేయించిన కాయలు మునిగేటట్లు వేడినీళ్లు పోసి, పైన చిన్న గిన్నె బరువుగా పెట్టి, అరగంట నానబెట్టండి. నానిన నీటిని వేలితో రుచి చూడండి. తియ్యగా ఉంటే రుబ్బడానికి ఆ నీళ్లే వాడుకోవచ్చు, చేదుగా ఉంటే పారబోసి మంచినీళ్లు తీసుకోవాలి. మిక్సీలో మెత్తగా రుబ్బిన ముద్దను జల్లెడ గుండా వడకట్టడం విసుగనిపించినా మానవద్దు. బ్యాడిగి తోలు ఎంత రుబ్బినా పూర్తిగా మెత్తబడదు, తినేటప్పుడు ఆ పొట్టు నాలుకకు తగులుతుంది.

మాంసం

టెక్సాస్‌లో గొడ్డుమాంసంతో వండుతారు. పెద్దకూర తినే ఇళ్లలో అదే వాడుకోవచ్చు, కొలతలలో మార్పేమీ అక్కరలేదు. యాటమాంసంతో వండేవారు ఒక కిలో మెత్తని మాంసాన్ని దస్తి నుంచి గానీ రాన్ నుంచి గానీ తీయించుకోండి. ముక్క అర అంగుళానికి మించకూడదు. మిషన్‌లో పట్టిన కీమా ఈ కూరలో పిండిలా కలిసిపోతుంది, కాబట్టి కీమాయే కావాలనుకుంటే కత్తితో ముతకగా కొట్టించుకోండి. గొర్రెలు, మేకలు మేపే గొల్లకురుమల ఊళ్లు పాలమూరు నిండా ఉన్నాయి కాబట్టి మంచి మాంసానికి కొరత లేదు. కొంచెం కొవ్వు ఉన్న మాంసాన్నే అడగండి, ఎందుకంటే మిరపలోని రంగు, వాసన నీటిలో కన్నా కొవ్వులోనే బాగా కరుగుతాయి. తీసేసిన బొక్కలను కూడా తెచ్చుకుని, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్క వేసి గంటసేపు మరగబెడితే కూరలో పోయడానికి నాలుగు గ్లాసుల రసం సిద్ధమవుతుంది.

ఇక వంట. కడిగిన మాంసాన్ని బట్టతో అద్ది తడి లేకుండా చేసి ఉప్పు పట్టించండి. అడుగు మందంగా ఉన్న ఇనుప కడాయిలో రెండు పెద్ద చెంచాల పల్లినూనె బాగా కాగిన తరువాత మాంసాన్ని మూడు విడతలుగా వేయించండి. ఒకేసారి అంతా గుమ్మరిస్తే నీరు వదిలి ఉడికిపోతుంది తప్ప వేగదు. ముక్క వేసిన వెంటనే కదపకుండా రెండు నిమిషాలు ఆగితే అడుగు ముదురు గోధుమరంగుకు వస్తుంది. మసాలాలు లేని లోటును తీర్చేది ఆ రంగు తెచ్చే రుచే కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

వేగిన మాంసాన్ని తీసి పక్కన పెట్టి, అదే నూనెలో సన్నగా తరిగిన రెండు పెద్ద ఉల్లిగడ్డలను ఎర్రగా వేయించండి. కడాయి అడుగున అంటుకున్నదంతా ఉల్లి తేమతో వదిలి వస్తుంది, దానిని గరిటెతో గీకి కలపాలి. ఎనిమిది ఎల్లిగడ్డ రేకలను దంచి వేసి, వాసన రాగానే ఒక పెద్ద చెంచా జీలకర్రను వేయించి రోట్లో కచ్చాపచ్చాగా దంచి కలపండి. ఈ కూరకు జీలకర్ర అప్పటికప్పుడు దంచినదే కావాలి, కొన్న పొడిలో ఆ బలం ఉండదు. తరువాత మిరపముద్ద వేసి, సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు, నూనె అంచులకు తేలేదాకా కలుపుతూ వేయించండి. పచ్చి మిరప వాసన పోయి వేరొక నిండైన వాసన రావడం మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మాంసాన్ని తిరిగి వేసి, ముక్కలు మునిగేదాకా మాత్రమే బొక్కల రసం పోయండి. టెక్సాస్ వారు దీనిలో ఓరెగానో ఆకు వేస్తారు. పిజ్జాతో ఇచ్చే చిన్న పొట్లాలలోని ఆకు సరిపోతుంది కానీ, నా ఉద్దేశంలో మన పెరటి కుండీలలో పెరిగే వామాకు అంతకన్నా మేలు. ఓరెగానోకు ఆ ఘాటు వాసననిచ్చే కార్వక్రాల్ అనే తైలమే వామాకులోనూ ఉంటుంది. నాలుగు ఆకులను సన్నగా తరిగి వేయండి, అంతకు మించితే మందు వాసన వస్తుంది. టమాటా విషయంలో టెక్సాస్‌లోనే ఏకాభిప్రాయం లేదు. వేయదలిస్తే పండినవి రెండు చాలు, కూర టమాటా పులుసు కాకూడదు.

మూత కొంచెం ఓరగా పెట్టి, సన్నని సెగ మీద గంటన్నర ఉడికించండి. మధ్యమధ్య చూస్తూ, రసం ఇగిరితే కాస్త వేడి రసం పోయాలి. కుక్కర్‌లో పెట్టేవారు మొదటి కూత వచ్చాక సెగ తగ్గించి పావుగంట ఉంచి, ఆవిరి పోయిన తరువాత మూత తీసి మరో అరగంట ఉడకనివ్వాలి. మూత లేకుండా ఉడికే ఆ అరగంటలోనే రసం చిక్కబడి మిరప, మాంసం ఒకటవుతాయి. దానిని మానేస్తే ముక్క ఉడుకుతుంది కానీ రసం నీళ్లగానే ఉంటుంది.

చివరలో చిక్కదనం కోసం టెక్సాస్‌లో సున్నపు నీటిలో ఉడికించిన మక్కల పిండి కలుపుతారు. మన మక్కపిండిని రెండు పెద్ద చెంచాలు తీసుకుని, పెంక మీద దోరగా వేయించి, చల్లని నీటిలో జారుగా కలిపి పోసి పది నిమిషాలు ఉడికిస్తే ఆ పని చక్కగా నెరవేరుతుంది. జొన్నపిండి కూడా బాగుంటుంది. దుకాణంలో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లని పిండిని మాత్రం వాడవద్దు, అది కూరకు జిగటనిస్తుందే కానీ మక్క వాసన ఇవ్వదు. దించే ముందు రేగుపండంత బెల్లం, అర చెక్క నిమ్మరసం వేసి, ఉప్పు సరిచూడండి. నిమ్మకాయలకు పేరుపడిన నకిరేకల్ మార్కెట్ నల్లగొండ జిల్లాలోనే ఉండగా ఇందుకు వినెగర్ సీసా వెదకవలసిన పని లేదు.

గింజలు వేయాలా, వద్దా

ఈ ప్రశ్న మీద అక్కడ పెద్ద వివాదమే ఉంది. టెక్సాస్‌లోని టెర్లింగ్వా అనే ఎడారి ఊరిలో 1967 నుంచి చిల్లీ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి పెద్ద పోటీలలో గింజలు వేసిన కూరను అనుమతించరు. అమెరికాలోని ఇతర రాష్ట్రాలలో రాజ్మా లేని చిల్లీ అరుదు. నేను గింజలను విడిగా వండి, కావలసిన వారికి పళ్లెంలో కలిపి ఇవ్వడమే ఉత్తమమని భావిస్తాను. మాంసం రుచి పలచబడదు, గింజ కావాలనుకునే వారికి లోటూ ఉండదు.

రాజ్మా కన్నా మన బబ్బెర్లు ఈ కూరకు బాగా నప్పుతాయి. తోలు పలుచన, లోపల వెన్నలాంటి మెత్తదనం, రసాన్ని పీల్చుకునే గుణం వాటిలో ఉన్నాయి. అనుములు కూడా వాడవచ్చు, వాటి కొద్దిపాటి చేదు మిరప తీపికి ఎదురుగా నిలుస్తుంది. రాజ్మానే వాడేటట్లయితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీటిలో కనీసం పది నిమిషాలు తెర్లించి ఆ తరువాతే సెగ తగ్గించండి. సరిగా ఉడకని రాజ్మాలో వాంతులు, విరేచనాలు కలిగించే పదార్థం ఉంటుంది, గోరువెచ్చని సెగతో అది పోదు. ఏ గింజలనైనా విడిగా పూర్తిగా ఉడికించిన తరువాతే కూరలో కలపాలి, ఎందుకంటే టమాటా, నిమ్మ పులుపు తగిలిన గింజ ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది. నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ నీటిలోనూ గింజ మెత్తబడదు కాబట్టి, నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీటినో, ఫిల్టర్ నీటినో వాడండి. అవీ లేకపోతే చిటికెడు తినే సోడా వేయండి.

మాంసం తినని వారికి ఇదే పద్ధతిలో బబ్బెర్లు, నానబెట్టి ముతకగా తరిగిన మీల్ మేకర్, వేయించి దంచిన గుప్పెడు పల్లీలు కలిపి వండవచ్చు. కొవ్వు లేని లోటును పల్లీలు తీరుస్తాయి. అడుగంటే గుణం వాటికి ఉంది కాబట్టి చివరి పావుగంటలోనే వేయండి.

వడ్డన

కూర దించిన తరువాత పావుగంట మూతపెట్టి వదిలేయండి. ఈలోగా పక్కన పెట్టవలసినవి సిద్ధం చేసుకోవచ్చు.

టెక్సాస్‌లో చిల్లీని లోతైన గిన్నెలో పోసి, తరిగిన పచ్చి ఉల్లిగడ్డ, తురిమిన చెద్దార్ చీజ్, ఊరబెట్టిన పచ్చిమిరప చక్రాలు, ఉప్పు బిస్కెట్లు, మక్కపిండితో కాల్చిన రొట్టెలతో ఇస్తారు. మన ఇంట్లో ఆ రొట్టె స్థానం జొన్నరొట్టెకే దక్కాలి. అప్పుడే చేతితో తట్టి కాల్చిన వేడి జొన్నరొట్టె చిల్లీలోని కొవ్వును, మంటను ఎంత బాగా మోస్తుందో ఒకసారి తిని చూస్తే తెలుస్తుంది. జొన్నలోని కొద్దిపాటి తీపి, పొడిదనం ఇంత చిక్కని కూరకు గోధుమ చపాతీ కన్నా ఎంతో అనువైనవి. రొట్టె తట్టడం రాని వారు జొన్న గట్క గానీ మక్క గట్క గానీ వండి, గిన్నె మధ్యలో గుంట చేసి, అందులో కూర పోసి ఇవ్వండి. వేడి అన్నంతో కూడా బాగానే ఉంటుంది కానీ, రసం కొంచెం పలుచగా ఉంచుకోవాలి.

పైన వేసే వాటిలో నాలుగింటిని నేను తప్పనిసరి అంటాను. మొదటిది నీళ్లు వడకట్టిన మీగడ పెరుగు, ఒక చెంచా చాలు. అక్కడి పుల్లని మీగడకు అది సరైన బదులు. రెండవది సన్నగా తరిగి నిమ్మరసం, ఉప్పు పట్టించిన ఉల్లిగడ్డ. మూడవది కొత్తిమీర, కూరలో కాకుండా పైన పచ్చిగా. నాలుగవది వేయించిన మక్క అటుకులు. టెక్సాస్‌లో మక్క చిప్స్ పొట్లాన్నే చింపి అందులో చిల్లీ పోసి తినే అలవాటు ఉంది. మనవైపు కిరాణా దుకాణాలలో దొరికే మక్క అటుకులను నూనెలో వేయించి, తినే క్షణంలో చల్లుకుంటే అదే కరకరలాడే గుణం వస్తుంది. ముందుగా చల్లితే మెత్తబడతాయి. మంట ఇంకా కావాలనే వారికి చల్లమిరపకాయలు వేయించి పెట్టండి, చీజ్ ఇష్టపడే పిల్లలకు కొంచెం తురిమి ఇవ్వండి.

మసాలా లేకుండా మనసు ఒప్పుకోని వారికి ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో వేరొక దారి ఉంది. మాసిడోనియా నుంచి వలస వచ్చిన కిరాజెఫ్ సోదరులు 1922లో అక్కడ మొదలుపెట్టిన పద్ధతిలో దాల్చినచెక్క, లవంగం వంటివి వేస్తారు. కీమాను వేయించకుండా నేరుగా నీటిలో విడగొట్టి ఉడికిస్తారు. ఆ పలుచని కూరను ఉడికించిన స్పగెట్టి మీద పోసి, పైన చీజ్ తురుము కుప్పగా వేస్తారు. దానికి తరిగిన ఉల్లి, రాజ్మా కావాలా వద్దా అనేది తినేవారి ఇష్టం. సేమ్యాతో మాత్రం ప్రయత్నించకండి, ముద్దగా అయిపోతుంది.

మిగిలిన కూర

చిల్లీ మరుసటి రోజున మరింత రుచిగా ఉంటుంది కాబట్టి, బంధువులు వచ్చే రోజుకు ముందురోజు సాయంత్రమే వండి పెట్టుకోవచ్చు. అయితే మన ఎండలకు రాత్రంతా పొయ్యి పక్కన వదిలేస్తే పాడవుతుంది. వెడల్పాటి గిన్నెలోకి మార్చి, రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల వరకు నిలవ ఉంటుంది. తినే ముందు కావలసినంత మాత్రమే తీసి, కాస్త నీళ్లు చిలకరించి, బుడగలు వచ్చేదాకా మరిగించాలి. పైన పేరుకున్న ఎర్రని కొవ్వును తీసి పారేయకండి. ఉడికించిన ఆలుగడ్డలను చేతితో చిదిమి ఆ కొవ్వులో వేయించి, మీద రెండు గంటెల చిల్లీ పోస్తే పొద్దుటి పూట ఫలహారం సిద్ధమవుతుంది. ఇంకా మిగిలితే పొడిగా ఇగిరించి, జొన్నరొట్టెలో చుట్టి పిల్లల టిఫిన్ డబ్బాలో పెట్టవచ్చు. డబ్బాలో పెట్టే రోజున పెరుగు, పచ్చి ఉల్లిగడ్డ చేర్చకండి, మధ్యాహ్నానికి వాసన మారుతుంది.